కన్యాకుమారికి బయలుదేరిన సంచి

నిన్న సాయంత్రం మా పక్కింటి ఫిజిక్స్ లెక్చరర్ ఒక ఎర్ర సూట్‌కేసు పట్టుకుని మా గుమ్మం ఎక్కాడు. ఆయన కొత్త కారు కొని పది రోజులైంది. ఈ పది రోజుల్లో దాని చక్రాల కింద నిమ్మకాయలు నలిగిన చప్పుడు నేను మూడుసార్లు విన్నాను. ఘర్షణ గురించి క్లాసులో పాఠం చెప్పే మనిషి, ఇంటికి వచ్చి టైరుకూ రోడ్డుకూ మధ్య నిమ్మరసం పోసి బండి కదిలిస్తాడు. ఆ పాఠం రాసుకున్న పిల్లల మీద నాకు జాలి. "సార్, రేపు పొద్దుగాల కన్యాకుమారి పోతున్నం, మొత్తం రోడ్డు మీదనే, లాంగ్ ట్రిప్పు" అన్నాడు సంబరంగా. "రేపు గురువారం గద సార్, దక్షిణం దిక్కు పోవద్దంటరు. గందుకని గీ పెట్టె ఇయ్యాల్నే మీ ఇంట్ల వెట్టి పోత. రేపు ఈడికెల్లి ఎత్తుకొని గట్లనే ఎల్లిపోతం. అంటే బుధవారమే బయల్దేరినట్టు లెక్క." నిద్రలో లేపి అడిగినా కాంతి వేగం చెప్పే మనిషి, తన ప్రయాణం ఎప్పుడు మొదలైందో తేల్చుకోవడానికి ఒక పెట్టెను నమ్ముకున్నాడు. ఆయన వెనక, వాళ్ల గేటు దగ్గర, వాళ్లమ్మ నిలబడి మా వైపే చూస్తోంది. నేను ఏం జవాబు చెప్పానో చివర చెబుతాను. ముందు ఇలాంటిదే ఇంకో సంచి గురించి చెప్పాలి. దాన్ని తలుచుకోకుండా ఆ పెట్టెను చూడడం నావల్ల కాలేదు.

ఆర్మూరు పక్క నుంచి పోయే పెద్ద రోడ్డును మా ఊళ్లో ఎవరూ ప్రత్యేకంగా చూడరు. పసుపు బండ్లు దాని మీద పోతాయి, మక్కజొన్న లారీలు పోతాయి, మేకలు అడ్డం పడతాయి, అంతే. దాన్ని నిజంగా చూసింది మా అక్క ఒక్కతే. నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. ఆమెను ఇచ్చిన ఊరు మా ఆర్మూరుకు ఉత్తరంగా నాలుగు కిలోమీటర్లు. మా బావ పసుపు చేను ఆ రోడ్డును ఆనుకునే ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ చేన్లో వంగి కలుపు తీస్తూ, నడుము నొప్పి పుట్టినప్పుడల్లా లేచి నిలబడి, పోయే లారీలను చూసేది. ఒకసారి నీళ్ల కోసం ఆగిన లారీ డ్రైవరును "గీ రోడ్డు యాడిదాంక పోతది బిడ్డా?" అని అడిగిందట. కన్యాకుమారి దాకా పోతుందనీ, అక్కడ సముద్రం అడ్డం వస్తుంది కాబట్టి ఆగుతుందనీ అతను చెప్పాడు. ఆ మాట ఆమె మనసులో పడిపోయింది. "నీళ్లు అడ్డమొచ్చి రోడ్డును ఆపుతయంట తమ్మీ. గంత పెద్ద రోడ్డు యాడ ఒడుస్తదో ఒక్కసారి చూడాలె" అనేది. చాలామందికి ఊళ్లు చూడాలని ఉంటుంది, గుళ్లు చూడాలని ఉంటుంది. మా అక్కకు రోడ్డు చివర చూడాలని ఉండేది. నేను విన్న యాత్రా కోరికలన్నిటిలో బుద్ధి ఉన్న కోరిక అదొక్కటే.

మా బావ గురించి చెప్పాలంటే రెండు వేర్వేరు మనుషుల గురించి చెప్పాలి. ఒకడు మట్టి పరీక్ష చేయించకుండా విత్తనం వేయడు. విత్తనాలకు పేరున్న అంకాపూర్ వెళ్లి కొత్త రకం ఏం వచ్చిందో కనుక్కుంటాడు, చుక్కనీటి పైపుల గురించి అధికారులకే పాఠం చెబుతాడు. రెండోవాడు బోరు వేయాల్సి వస్తే అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని చేనంతా తిరుగుతాడు, అది ఎక్కడ ఒరిగితే అక్కడ తవ్విస్తాడు. ఈ ఇద్దరూ ఒకే చొక్కాలో ఎలా ఇమిడారని నేను నలభై ఏళ్లుగా ఆశ్చర్యపోతూనే ఉన్నాను. "కాయ ఒరిగింది నీ చెయ్యి వణికి" అంటే, "నీళ్లు వడ్డయా లేదా బామ్మర్దీ?" అనేవాడు. పడ్డ బోర్లే లెక్కకు వస్తాయి. పడని నాలుగూ మట్టి కప్పి మరిచిపోయినవి. మా మధ్య ఈ వాదన పండగలకు, పెళ్లిళ్లకు, చావులకు కూడా ఆగలేదు. నిజం చెప్పాలంటే మా ఇద్దరికీ దాని మీద మోజు ఉండేది.

కొన్నేళ్ల కింద దీపావళి ముందర అక్క కళ్లు మసకబారాయి. నిజామాబాద్ దవాఖానాలో చూసిన డాక్టరు నీటికాసులని చెప్పాడు. ఒక కన్ను దాదాపు పోయింది, రెండోది చుట్టూ అంచుల నుంచి మూసుకొస్తోంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో ఎన్నాళ్లు ఆపగలమో చెప్పలేం, చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఆలస్యం చేయకండి అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క తన చూపును గింజలు కొలిచినట్టు కొలిచి చెప్పింది. "మానెడు ఉండె తమ్మీ. ఇంక సోలెడు ఉన్నది." కొంగు సర్దుకుని, "సోలెడు చాలు గా రోడ్డు చివర చూడనీకి" అంది. ఆ మాట బావ కూడా విన్నాడు. వినడమే కాదు, పదిహేను రోజుల్లో కారు కొని ఇంటి ముందు నిలబెట్టాడు. మొండివాడే గాని, భార్య మీద ప్రేమ లేనివాడు కాదు.

కారు వచ్చింది, ప్రయాణం మాత్రం ఆగింది. ఇంకో మూడు రోజుల్లో శుక్ర మూఢం మొదలవుతుందని అయ్యగారు చెప్పాడు. శుక్రగ్రహం సూర్యుడి దరిదాపుల్లోకి పోయి మన కంటికి కనబడని రోజులను మూఢం అంటారు. ఆ రోజుల్లో కొత్త బండిలో దూరప్రయాణం మొదలుపెట్టకూడదట. ఆ ఏడు అది దాదాపు మూడు నెలలు. ఆకాశంలో ఒక గ్రహం కనబడటం లేదని, భూమ్మీద ఒక మనిషి కనబడుతున్న రోజులను కట్టిపడేశారు. ఈ వాక్యం అప్పట్లో నాకు చాలా నచ్చింది. ఎదురైన ప్రతివాడికీ వినిపించాను.

మూఢానికి ముందురోజు సాయంత్రం బావ స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. హ్యాండిలుకు ఒక నీలం రంగు సంచి వేలాడుతోంది. "అయ్యగారు ఉపాయం చెప్పిండు బామ్మర్దీ. మూఢం రేపట్నుంచి గద. ఇయ్యాల్నే సంచి బయట వెడితే ప్రయాణం మొదలైనట్టే, ప్రస్థానం అంటరు. నీ ఇల్లు మా ఇంటికి దక్షిణంల ఉన్నది. రెండొద్దులు చేన్ల పనున్నది, గందాంక గీ సంచి నీ కాడ ఉంచు. ఎల్లుండి పొద్దుగాల ఈడికెల్లి ఎత్తుకొని ముగ్గురం పోదాం. జర ఉంచు." శాస్త్రం ప్రకారం ఆ సంచి అప్పటికే కన్యాకుమారి దిక్కున నాలుగు కిలోమీటర్ల ప్రయాణం పూర్తి చేసిందన్నమాట. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే నాకు ఇంతకన్నా మంచి విందు ఎవరు పెడతారు? "నా ఇల్లు మూఢనమ్మకాలకు గోదాం కాదు బావా" అన్నాను. గొంతు పెంచే అన్నాను, వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు కూడా. "శుక్రుణ్ణి మోసం చేయొచ్చని నీకే తెలిసినప్పుడు, ఆయనంటే భయమెందుకు? భయముంటే కూర్చో, లేకుంటే ధైర్యంగా మూఢంలోనే బయలుదేరు. ఈ దొంగ దారి నా గుమ్మం మీదుగా పోదు." బావ సంచిని హ్యాండిలు నుంచి తీశాడు. "సంచి గది, బామ్మర్దీ. గందుల మీ అక్కయి రెండు చీరెలున్నయ్, చుక్కల మందున్నది. నమ్మకాలేం లెవ్వు" అన్నాడు. సంచిని అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను ఊరుకోలేదు. ఆటో మాట్లాడుకుని ఆ సంచిని అక్క ఇంటికి తిరిగి మోసుకుపోయాను. అక్క చేత్తో తడిమి, పట్టీలు గుర్తుపట్టి, "వాపస్ తెచ్చినవా?" అంది. గడప దాటిన సంచి ప్రయాణం కాకుండా గడప లోపలికి వస్తే ప్రస్థానం చెడినట్టేనని, ఇక మూఢం అయ్యేదాకా కదలడానికి లేదని బావ తేల్చేశాడు.

కిరాయి కారు మాట్లాడి అక్కను నేనే తీసుకుపోవచ్చు. నాకు పింఛను వస్తుంది, తెలిసిన డ్రైవర్లు ఉన్నారు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. బావ కారు, బావ చేత్తో, మూఢంలో కదలాలి, అప్పుడు గాని మూఢం ఉత్తదని రుజువు కాదు అనుకున్నాను. ఆ మూడు నెలల్లో ఆ సంచి మీద ఒక వ్యాసం రాసి నిజామాబాద్‌లో సభలో చదివాను. జనం బాగా నవ్వారు, చప్పట్లు కొట్టారు, తర్వాత టీ ఇచ్చారు. కారు మీద టార్పాలిన్ కప్పి ఉంది. కోళ్లు దాని కింద గుడ్లు పెట్టాయి. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం అన్నీ అయ్యాయి. అక్క కల్లంలో కూర్చుని కొమ్ములను చేత్తో తడిమి ఏరేది. ఒకరోజు నేను వెళితే నా మొహం వెతుక్కుంటూ, కోడి తల తిప్పినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పి, "ఆఁ, దొరికినవ్" అంది. సోలెడు గిద్దెడయింది.

మూఢం విడిచిన మర్నాడు పది గంటల నలభై రెండు నిమిషాలకు ముహూర్తం. ఎండ ముదిరేదాకా స్టీరింగు పట్టుకుని, సెల్‌ఫోన్‌లో సెకన్లు చూస్తూ కూర్చున్నాడు బావ. గుమ్మడికాయ పగిలింది, నిమ్మకాయలు నలిగాయి, డిక్కీ నిండా దారిలోని దేవుళ్లకు కొబ్బరికాయలు సర్దారు. బండి కదిలాక మాత్రం ఒప్పుకోవాలి, దూరప్రయాణంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. ఆ సుఖం ముహూర్తంతో వచ్చేది కాదు, ఈ రోజుల్లో కారు దిగకముందే ఫోన్లు పైకెత్తే మందకు దొరికేదీ కాదు. చేతిలో పని లేకుండా కూర్చున్న మనిషి పక్కనుంచి దేశం తీరిగ్గా మారుతూ పోతుంది. కర్నూలు దాటగానే నేల నల్లబడింది, అనంతపురం వైపు ఎర్రబడింది. టీ కొట్టులో గ్లాసు చిన్నదైంది, ఇంకాస్త దూరం పోయాక టీ పోయి కాఫీ వచ్చింది, మాట మారింది, మాటతో పాటు చేతులు తిప్పే తీరు మారింది. అక్క పొట్లం విప్పి జొన్నరొట్టెలో నువ్వుల పొడి చుట్టి ఇచ్చేది. అద్దం దించి మొహం బయటికి పెట్టి కూర్చునేది. "ఏమున్నదో చెప్పు తమ్మీ" అనేది. నేను చెప్పేవాణ్ని. ఇదిగో ఇక్కడొక బాబా ఆశ్రమం, ఎకరాల కొద్దీ ప్రభుత్వ భూమి మింగాడు, అదిగో అక్కడ రోడ్డు మధ్యలో గుడి కట్టి ట్రాఫిక్ ఆపారు. కాసేపు విని, "నువ్వు చెప్పేది రోడ్డు గాదురా, ఉపన్యాసం. చెట్లున్నయా లేవా గది చెప్పు" అంది.

అనంతపురం దాటాక టైరు పంక్చరైంది. డిక్కీలో కొబ్బరికాయలన్నీ దించితే అడుగున స్టెప్నీ దొరికింది, దాంట్లో గాలి లేదు. నిమ్మకాయ పెట్టడానికి టైరు దగ్గర వంగిన మనిషి గాలి చూసుకోడా అని నేను మొదలుపెట్టాను. నిమ్మకాయ పెట్టకుంటే బండి బోల్తా పడేది, పంక్చరుతో పోయిందని బావ అన్నాడు. ఇలాంటి తర్కానికి జవాబు ఏముంటుంది? ఉన్నా లేకున్నా గంటసేపు వాదించాను. చింతచెట్టు నీడలో కూర్చుని వేయించిన పల్లీలు ఒలుస్తున్న అక్క, "మీ ఇద్దరి నోట్ల ఉన్న గాలి గా టైర్ల వెడితే ఈపాటికి ఊరు జేరుతుంటిమి" అంది. పంక్చరు షాపు నుంచి ట్రాక్టరు మీద వచ్చిన మనిషికి కూడా నవ్వొచ్చింది.

సేలం దగ్గర అక్క ఉన్నట్టుండి "బండి ఆపు, బండి ఆపు" అని అరిచింది. ఏమైందోనని బావ పక్కకు తీశాడు. "పసుపు ఉడుకుతున్నది" అంది. మాకు ఏమీ కనబడలేదు, వాసన కూడా తెలియలేదు. గట్టు దాటి చూస్తే నిజంగానే ఆవిరి లేస్తోంది, కల్లం నిండా పసుపు ఆరబోసి ఉంది. అక్క నా భుజం పట్టుకుని దిగింది. అక్కడి ఆడమనిషికి తెలుగు రాదు, అక్కకు అరవం రాదు. అక్క ఒక కొమ్ము తీసి విరిచింది. బాగా ఎండిన పసుపు కొమ్ము విరిస్తే గాజు పగిలినట్టు ఠంగుమంటుంది, తడి ఉంటే మెత్తగా పలుకుతుంది. అది మెత్తగా పలికింది. అక్క తల అడ్డంగా ఊపి, ఆకాశం వైపు వేలు చూపి, రెండు వేళ్లు ఎత్తింది. ఇంకా రెండు రోజుల ఎండ కావాలని. ఆ ఆడమనిషి ఫక్కున నవ్వి, నాలుగు వేళ్లు ఎత్తింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎంతసేపు నవ్వారో. ఆ ప్రయాణంలో అక్క మొహం అలా వెలిగింది ఆ కల్లంలోనే. బావ కూడా ఆ రోజు ఏ గుడి దగ్గరా బండి ఆపలేదు.

కన్యాకుమారిలో పొద్దున్నే లేచి ఒడ్డుకు వెళ్లాం. సూర్యుడికి వీపు తిప్పి, సూర్యుడితో ఫొటోలు దిగే జనం. వాళ్ల మోచేతులు తప్పించుకుంటూ అక్కను రోడ్డు చివరి దాకా, ఆ తర్వాత రాళ్ల దాకా నడిపించాను. "వచ్చినమా?" అంది. వచ్చామన్నాను. ఆమె తల మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పింది, మళ్లీ కుడి నుంచి ఎడమకు తిప్పింది. నీళ్ల మీద ఎండ తళతళా కొడుతోంది. "అంతా తెల్లగనే ఉన్నది తమ్మీ. నీళ్లు యాడ, మొగులు యాడ?" అంది. నేను వేలు పెట్టి చూపించాను, వేలు కూడా దొరకలేదు. కాసేపటికి వెతకడం మానేసి, చెవి అటు పెట్టి నిలబడింది. "పసుపు మెరుగువెట్టే డ్రమ్ము తిరిగినట్టున్నది సప్పుడు" అంది. బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడైనా నేను నోరు మూసుకోవలసింది. "చూసినవా బావా, నీ మూఢం మింగింది చూపునే" అని మొదలుపెట్టాను. అక్క చెయ్యెత్తింది.

"ఆపుతరా ఇద్దరు? ఆయనకైతే భయం. పుట్టినప్పటికెల్లి భయమే. గా భయంలనే ఏదో సందు దొర్కవట్టి సంచి తెచ్చి నీ ఇంట్ల వెట్టిండు. నీకేమైంది? రెండొద్దులు గా సంచి నీ ఇంట్ల ఉంటే నీ పుస్తకాలు మైలవడుతుండెనా?"

మైల అనే మాట మీద నేను జీవితమంతా మాట్లాడాను. ఏ వస్తువూ ఏ ఇంటినీ మైలపరచదని ఎన్ని ఊళ్లలో, ఎన్ని మైకుల ముందు చెప్పి ఉంటానో. మడి కట్టుకున్న మనిషి మీద నీళ్లు చిందితే ఎలా గంతేస్తాడో, నేను ఆ సాయంత్రం రెండు చీరెలను చూసి అలాగే గంతేశానని ఎవరూ చెప్పలేదు. సభలో చప్పట్లు కొట్టినవాళ్లూ చెప్పలేదు. అక్షరం రాని మా అక్క చెప్పింది. వాదంలో నేను ఓడిపోయింది ఆ ఒక్కసారే.

తిరుగు ప్రయాణంలో అక్క ముందు సీట్లో కూర్చుంది. ఇటుకబట్టీ, చెరకు, గొర్రెలమంద, వానపడ్డ దుమ్ము అని వాసనను బట్టి ఆమే మాకు రోడ్డు చెబుతూ వచ్చింది. ఇప్పుడు గిద్దెడు కూడా లేదు. అయినా చేను గట్టు మీద కూర్చుని, పోయే లారీ చప్పుడు విని, "గిది దక్షిణం పోతున్నది, మస్తు దూరం పోవాలె పాపం" అంటుంది.

నిన్న సాయంత్రం ఆ లెక్చరర్ గుమ్మంలో నిలబడి, నా తిట్ల కోసం సిద్ధంగా ఉన్నాడు. వీధిలో నా పేరు అలాంటిది. "మీ అమ్మగారు కూడా వస్తున్నారా?" అని మాత్రం అడిగాను. "ఆమె కోసమే గద సార్. ఇంతవరకు సముద్రం చూడలే" అన్నాడు. నేను పెట్టె అందుకున్నాను. పసుపు కుంకుమ బొట్లతో, మూల మీద నిమ్మకాయ మరకతో, నేను ద్వేషించే ప్రతిదీ దాని మీద ఉంది. అయినా లోపలికి తెచ్చి పుస్తకాల అలమారు పక్కన పెట్టాను. టైర్లలో గాలి చూసుకోమని కూడా చెప్పాను, నిమ్మకాయలు మానుకోమని మాత్రం చెప్పలేదు. ఈ రోజు ఆరు గంటలకు వచ్చి, బుధవారమే బయలుదేరినవాళ్లలా నిజంగానే నమ్మకంగా పెట్టె ఎత్తుకుపోయారు. వెనక సీట్లో వాళ్లమ్మ అద్దం దించి కూర్చుంది. ఆ మూర్ఖత్వం మీద నాకున్న ఏవగింపు ఇసుమంత కూడా తగ్గలేదు. కానీ బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆ పెద్ద రోడ్డు మీద ఎంత దూరం పోయినా వెనక్కి తిరిగి రావచ్చు. అక్క చూపు కరిగిన ఆ మూడు నెలల మీద మాత్రం ఏ బండీ ఒక్క అడుగు వెనక్కి నడవదు.